కొండ యా పక్క ఉండాది?

పోయిన నెల ఒక పెళ్లి వీడియో పని మీద కుప్పం వెళ్లాను. పని ముగించుకుని బస్టాండులో బస్సు కోసం నిలబడి ఉంటే, మొక్కలు పంచే ఆటో ఒకటి మైకు కట్టుకుని వచ్చి ఎదురుగా ఆగింది. మైకులోంచి ఆయన గొంతు.

“మొదటి వంక దాటినావా మేకలోడా
మోదుగ మాను నీడ ఉండాది కూసోరా
రెండో వంక దాటినావా మేకలోడా
రేల మాను కాడ నీల్లుండాయి తాగరా...”

బతికినన్నాళ్లూ కుప్పం ముఖం చూడని మనిషి. చనిపోయి ఏడాదైనా కాలేదు, అప్పుడే ఆటో ఎక్కి కుప్పం వీధులన్నీ తిరుగుతున్నాడు. చుట్టూ జనం బాగుంది బాగుందని తలలాడిస్తున్నారు. నాకు మాత్రం ఎక్కడికైనా పారిపోదామనిపించింది. పారిపోయి ఎక్కడికని పోను? ఆ పాటను లోకం మీదికి వదిలింది నేనే.

ఆయన పేరు రాయను. దానికి కారణముంది. అది ముందే చెబితే మీకు అర్థం కాదు.

నాది పుంగనూరులో చిన్న ఫొటో స్టూడియో. ఆరేడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, పింఛను కాగితాలకు ఫొటో కావాలని వచ్చాడాయన. భుజాన గొంగడి, చేతిలో తనకంటే ఎత్తున్న కట్టె, దాని మెడకు గుత్తిగా కట్టిన గజ్జెలు. వచ్చినవాడు లోపలికి రాడే. గుమ్మంలో నిలబడి ద్వారబంధాన్ని వేలి కణుపుతో టకటకా కొట్టాడు. ముక్కు ఆనించి వాసన చూశాడు. ఇది వేప, పచ్చిదే కోసి పెట్టేశారు, పగలక ఎక్కడికి పోతుంది అన్నాడు. అది అప్పటికే పగిలిపోయి, పగులు కనబడకుండా నేను దాని మీద దేవుడి స్టిక్కరు అంటించి ఉన్నాను. నాకు ఒళ్లు మండింది. ఫొటో కోసం వచ్చావా, తలుపు బేరానికి వచ్చావా తాతా అని అడిగాను. నోరంతా తెరిచి నవ్వాడు. ఉన్నవి నాలుగే పళ్లు.

తర్వాత తర్వాత తెలిసింది, అది ఆయన అలవాటని. ఏ ఇంటికి పోయినా మనుషుల్ని పలకరించే ముందు చెక్కను పలకరిస్తాడు. గుమ్మాలు, కిటికీలు, మంచం కోళ్లు, దేన్నీ వదిలిపెట్టడు. కొన్నింటి దగ్గర ముఖం విప్పారేది. కొన్నింటి దగ్గర చావింటికి వచ్చినవాడిలా గొంతు తగ్గించేవాడు. మా వీధి చివరి టీకొట్టు బెంచీ మీద ఆయన ఒక్కసారి కూడా కూర్చోలేదు, ఎంతసేపైనా నిలబడే తాగేవాడు. అదేం తాతా అంటే, అది తనకు బాగా తెలిసిన మానట. పైన కూర్చోవడానికి మనసు రాదట.

మేకలు ఎన్ని ఉన్నాయని అడిగితే సంఖ్య చెప్పడం ఆయనకు చేతకాదు. పేర్లు మొదలుపెట్టేవాడు. మనం ఇంకో పని చూసుకుని వచ్చేసరికి ఇంకా చెబుతూ ఉండేవాడు. మేకలే అడవిని తినేస్తున్నాయని ఎవరైనా అన్నారా, ఇక వాళ్ల పని అయిపోయినట్టే. తన మేక కొమ్మ తింటుందట, మొదలు తినేది రెండు కాళ్లదట. ఆ మాట అని ఎదుటివాడి కాళ్ల వైపు అదేపనిగా చూసేవాడు. అవతలివాడు కాళ్లు ముడుచుకునేదాకా వదిలేవాడు కాదు.

ఆ మొదటిరోజు ఫొటో తీశాక, ఆ కట్టెకు గజ్జెలెందుకని అడిగాను. పాటకు అన్నాడు. ఏం పాట అన్నాను. కొండపాట అన్నాడు. ఏదీ, పాడు అన్నాను, ఊరికే కాలక్షేపానికి. ఆయన నవ్వు ఆపేశాడు.

“యాల అడుగుతాండావు? మేకలు తోలకపోతావా?”

వేళాకోళానికి, అవును తాతా, ఈ కెమెరా పనిలో ఏముంది, రేపటి నుంచి మేకలే అన్నాను. ఆయన దాన్ని నిజమనే తీసుకున్నాడు. అడిగినావు కాబట్టి చెప్పాల్సిందే అని లేచి నిలబడ్డాడు. కట్టె సవరించుకుని అడిగాడు.

“కొండ యా పక్క ఉండాది?”

నేను చెయ్యి అటో ఇటో చూపించాను. నమ్మలేదు. వీధిలోకి పోయి, ఎండ చూసి, వచ్చి, నా కెమెరాకు వీపు తిప్పి గోడ వైపు నిలబడ్డాడు. ఇటు తిరుగు తాతా అని ఎంత మొత్తుకున్నా తిరగలేదు. ఎవరికి వీపు చూపినా ఫరవాలేదు గానీ, పాడేటప్పుడు కొండకు చూపించకూడదట. ఆ వీడియోలో ఉన్నదంతా ఒక గొంగడి, ఒక వీపు, ఒక కట్టె. గజ్జెలు నేలకు తగిలినప్పుడల్లా గోడ మీది క్యాలెండరు అదిరేది.

పాటంతా దారి. ఏ వాగువంక దాటితే ఏ మాను, దాని కింద నీడ ఉందా, నీళ్లున్నాయా, ఏ రాతిగుండు దగ్గర ఎటు మళ్లాలి, ఏ మాను ఆకు మేకలకు పెట్టాలి, దేన్ని ముట్టనివ్వకూడదు. కొండెక్కే పిల్లవాడికి మొదట ఈ పాట నేర్పి, ఆ తర్వాతే చేతికి కట్టె ఇచ్చేవాళ్లట వాళ్ల ఇళ్లలో. చివర మాత్రం దారి ఉండదు.

“మాను పోతే నీడ పాయె మేకలోడా
నీడ పోతే నీల్లు పాయె మేకలోడా
నీల్లు పోతే నువ్వు యాడ మేకలోడా...”

అక్కడ గజ్జెలు ఆగిపోతాయి. కాసేపు ఏమీ ఉండదు. నేను అప్పటిదాకా ఏవేవో పాటలకు వీడియోలు తీసినవాణ్ణి, ఆ నిశ్శబ్దంలో మాత్రం కెమెరా ఆపడం మరిచిపోయాను.

పాడి కూర్చున్నాక కట్టుబాట్లు చెప్పాడు. నేను మేకల కాపరిని అవుతానన్నాను కదా, అందుకు.

“దావ అడిగినోనికి లేదనగూడదు. నడాన ఒగ మాను గూడా ఇడిసిపెట్టగూడదు. అబద్దం పాడగూడదు. నువ్వు అబద్దం పాడితే యా పిల్లోడో నీల్లు లేని వంకలో దిగి సస్తాడు.”

సరే సరే అన్నాను. ఆయన అటు బస్సెక్కగానే ఇటు వీడియో యూట్యూబులో పెట్టేశాను. అడవుల్ని కాపాడే తాత పాట అని పేరు కూడా నేనే పెట్టాను. జనం ఎగబడి చూశారు. అటు పెద్దమండ్యం నుంచి, ఇటు వెంకటగిరికోట నుంచి ఫోన్లు. నా స్టూడియో పేరు అంతమంది నోట్లో పడటం అదే మొదలు. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆర్నెల్లు తిరక్కుండా ఇద్దరికీ ఫారెస్టు రేంజి ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. వెళితే, వరండాలో పట్టుబడిన దుంగలు నాలుగు పడేసి ఉన్నాయి. ఆయన అలవాటు ప్రకారం దగ్గరికి పోయి కొట్టాడు, వాసన చూశాడు. చూసి అక్కడే నేల మీద కూలబడ్డాడు. గంధం మాను. “కుందేటి బండ కాడిది” అన్నాడు, తప్పిపోయిన మేకను పోల్చుకున్నట్టు. గార్డు తన ఫోనులో నా వీడియో పెట్టాడు. కుందేటి బండ దాటి కుడిచేతికి గంధం మాను ఉందని ఆయన వీపు పాడుతోంది, కింద నా స్టూడియో పేరు పెద్ద అక్షరాలతో మెరుస్తోంది. నరికినవాళ్ల ఫోనులోనూ అదే పాట దొరికిందట.

ఎవరెవరికి చెప్పావని ఆఫీసరు అడిగాడు. అందరికీ చెప్పాను సారూ, పాటంటేనే చెప్పేది కదా అన్నాడాయన. తిట్టకుండానే పంపేశారు. అదే తిట్టి ఉంటే కాస్త బాగుండేది. బస్సులో కట్టెకున్న గజ్జెల్ని ఒక్కొక్కటే తడుముతూ కూర్చున్నాడు. ఎవరో దారి అడిగారు, నేను చెప్పాను, అంతే కదప్పా నేను చేసింది అని అడిగాడు చివరికి. అంతే తాతా అన్నాను. ఆ సాయంత్రమే వీడియో తీసేశాను. తీసేస్తే ఏముంది, అప్పటికే అది ఎన్ని ఫోన్లలోకి పాకిపోయిందో దేవుడికే తెలియాలి.

ఆయన కొండ మీద పెద్ద గంధం మాను ఇక ఒక్కటే మిగిలింది. పాటలో అది నెమలిగుండు దగ్గర వస్తుంది, నా వీడియోలో ఆ చరణం గజ్జెల మోతలో సరిగా వినబడదు కాబట్టి బతికిపోయింది. దాని విత్తనాలు పిట్టలు తిని చుట్టూ చల్లితేనే కొండ మీద మళ్లీ గంధం మొలిచేది. తల్లి అనేవాడు దాన్ని.

“నెమిలిగుండు ఎడమ చేత పెట్టుకోరా
నిలువెండలో గంధం మాను పట్టుకోరా...”

ఆ మరుసటి ఏడు మదనపల్లెలో మొక్కలు నాటే సభ పెట్టారు. ఆ పాటే కావాలని మనుషులు వెదుక్కుంటూ ఆయన ఊరికి పోయారు. వద్దని చెప్పు తాతా అన్నాను నేను. “అడిగినారు గదప్పా” అన్నాడు. అడిగితే లేదనకూడదు, నడుమ మానును విడిచిపెట్టకూడదు, అబద్ధం పాడకూడదు. నిజం పాడితే తల్లి పోతుంది. ఎటు మళ్లినా గోడే. ఆ సంగతి ఆయన ఎంత నలిగి ఆలోచించాడో, ఆ రోజుకు నాకు తెలియదు. నాతోపాటు బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా పెదాలు కదుపుతూనే ఉన్నాడు. పాట నెమరు వేసుకుంటున్నాడనుకున్నాను. రోడ్డుకు రెండు వైపులా టమోటా తోటలు, ప్రతి మొక్కకూ పాతిన కర్రలు. ఒక్కసారి మాత్రం పెదాలు ఆపి, ఆ కర్రలు చూపిస్తూ నా మోచేతిని తట్టాడు.

“సూడు, మా కొండ ఈడొచ్చి నిలబడుకోనుండాది.”

వేదిక ఎక్కాడు. కొండ ఏ పక్క ఉందో చూసుకున్నాడు. పెద్దమనుషులందరికీ, జనానికీ కలిపి వీపు తిప్పాడు. ఒకాయన వచ్చి భుజాలు పట్టి ఇటు తిప్పాడు. ఆయన మళ్లీ అటు తిరిగాడు. జనం నవ్వారు. నేను ముందు వరుసలో కెమెరాతో ఉన్నాను. పాట బాగా సాగింది. మోదుగ వచ్చింది, రేల వచ్చింది. తల్లిమాను దగ్గరికి వచ్చేసరికి ఆయన నెమలిగుండు అనలేదు. కుందేటి బండను ఎడమ చేత పెట్టుకోమన్నాడు.

ఆ మొదటి వీడియోను కత్తిరించి అతికించి నాకు పాటంతా కంఠతా వచ్చేసి ఉంది. పెద్దాయన మరిచిపోయాడు, పాపం, నలుగురిలో పొరపాటు పడ్డాడు అనుకున్నాను. సాయం చేద్దామనుకున్నాను. నా నోరు పడిపోనూ.

“తాతా, కుందేటి బండ కాదు. నెమిలిగుండు” అన్నాను, అందరికీ వినబడేలా.

గజ్జెలు ఆగిపోయాయి. పాడుతూ పాడుతూ ఆయన కొండకు వీపు చూపించడం అదొక్కసారే చూశాను. ఇటు తిరిగి నన్ను చూశాడు. కోపం కాదు. చేతిలోంచి ఏదో జారిపోయినవాడి చూపు. తప్పు పాడావని నలుగురి ముందు అన్నాక మళ్లీ ఆ తప్పే ఎలా పాడతాడు? తిరిగి, కొండ వైపు నిలబడి, నెమలిగుండును ఉన్నచోటనే పెట్టి పాడాడు. హాలంతా చప్పట్లు. తాతకు మాట అందించావు, నీ జ్ఞాపకశక్తి గొప్పదని పక్కాయన నా భుజం తట్టాడు. ఆ చప్పట్లు ఆగేలోపే నాకు అర్థమైపోయింది. జీవితంలో ఒక్కసారి ఆయన అబద్ధం పాడటానికి సిద్ధపడ్డాడు. నరికేసిన మాను చోటికి బతికున్న మానును పంపించి దాచబోయాడు. బస్సులో పెదాలు కదిపింది ఆ అబద్ధం నేర్చుకోవడానికి. దాన్ని నేను దిద్దాను.

ఎదురుగా ఎన్ని ఫోన్లు పైకి లేచి ఉన్నాయో. ఇప్పుడు కుప్పం ఆటోలో తిరుగుతున్నది ఆ రోజు పాటే. నా గొంతు కత్తిరించి, నెమలిగుండు ఉంచుకున్నారు.

శాలువా కప్పించుకుని ఆయన నేరుగా కొండెక్కాడు. ఇక దిగలేదు. తల్లిమాను కింద బోదగడ్డి కప్పి గుడిసె వేసుకున్నాడు. మేకలన్నిటినీ వెంకటగిరికోటలో ఉన్న కూతురికి తోలించి, ముసలివి రెండు ఉంచుకున్నాడు. రేంజి ఆఫీసులో నేనే పోయి చెప్పాను. వాళ్లు కొన్నాళ్లు కాపలాకు మనిషిని పెట్టారు. వాళ్లకు ఉన్నదే ఇద్దరు గార్డులు, చూడవలసిన కొండలు బోలెడు. ఆ మనిషి వెళ్లిపోయాడు, ఈయన మిగిలాడు.

మనవరాలి పెళ్లికి కూడా దిగలేదు. ఆ పెళ్లి వీడియో నేనే తీసి, ఫోనులో పెట్టుకుని పైకి పట్టుకుపోయాను. మాను మొదట్లో కూర్చుని చూశాడు. పెళ్లికూతుర్ని చూస్తూ చూస్తూ, పందిరి గుంజలు ఏ మానువి అని అడిగాడు. చూడలేదు తాతా అన్నాను. కెమెరా పట్టుకుని చూడకపోతే ఎట్లా అన్నాడు. తర్వాత ఫోను నా చేతికిచ్చి, గడ్డం కింద కట్టె ఆనించుకుని చెప్పాడు. అప్పుడప్పుడు ఎవరెవరో వస్తారట. మేకలు అమ్ముతావా అంటారట. మానును చూసి, ఆయన్ని చూసి, పోతారట. ఆయన లేని పొద్దు కోసం చూస్తున్నారు.

“దావ తెలీనోనికి దావ సూపించే పాట గదప్పా ఇది. నాకి మాత్రం దావ మూసేసింది.”

ఆయనే మళ్లీ, నువ్వు మంచికే చెప్పినావులే అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు. నాలుగు తిట్టి ఉంటే దులుపుకుని బతికేవాణ్ణి.

నాకొక ఉపాయం తోచింది. తాతా, ఆ రోజు మార్చి పాడావే, అట్లనే మళ్లీ పాడు, అదే అసలు పాటని నేను ఊరంతా చాటుతాను, నువ్వు కిందికి దిగొచ్చు అన్నాను. ఆయన ముఖం కళకళలాడింది. లేచి కట్టె పట్టుకున్నాడు. మొదలుపెట్టాడు. తల్లి చరణం వచ్చింది. నోటికి నెమలిగుండే వచ్చింది. నాలిక కరుచుకుని, మళ్లీ మొదటినుంచి పాడాడు. మళ్లీ నెమలిగుండే. ఇద్దరం నవ్వాం. మూడోసారి కళ్లు గట్టిగా మూసుకుని పాడాడు. మళ్లీ అదే. ఈసారి ఎవరమూ నవ్వలేదు. చిన్నప్పటినుంచీ ఒకే దారిన నడిచిన నాలిక. ఆ దారి తప్పించడానికి ఎన్నాళ్లు కష్టపడ్డాడో, ఒకే ఒక్కసారి తప్పించగలిగాడు. అప్పుడే నేను అడ్డం పడ్డాను. ముసలాయన మాను మొదలుకు నుదురు ఆనించి ఏడ్చాడు. నేను కెమెరా సంచిలో పెట్టుకుని కొండ దిగాను.

పోయిన వానాకాలంలో జ్వరం తగిలి, ఊపిరి అందకపోతే, కూతురు నలుగురు మనుషులతో వచ్చి మంచం మీద మోయించుకుని దించింది. మదనపల్లె ఆసుపత్రిలో వేశారు. నేను పోయేసరికి కళ్లు పైకప్పు మీద ఉన్నాయి. నన్ను చూసి మొదట అడిగింది కొండ ఏ పక్క ఉందని. నేను బయటికి పోయి, ఎండ చూసి వచ్చి, తలాపు వైపు అని చెప్పాను. మంచం తిప్పమన్నాడు. నర్సమ్మ కేకలేసింది. ఆమెను బతిమాలి, నేనూ కూతురూ కలిసి మంచం తిప్పాం. ఇప్పుడు ఎదురుగా ఉన్నది గోడే అయినా ఆయనకు అది చాలింది.

“మాను?” అన్నాడు.

అప్పటికి ఆయన దిగి ఎనిమిది రోజులు. నేను కొండ వైపు పోలేదు. భయమేసి పోలేదు.

“నిన్ననే సూసొచ్చినా తాతా. ఉండాది” అన్నాను.

కాసేపు నా ముఖంలోకి చూశాడు. చెక్కను చూసినట్టే చూశాడు. తర్వాత చేయి చాపి నా ముంజేతిని వేలి కణుపుతో రెండుసార్లు మెల్లగా కొట్టాడు. నవ్వాడో, నాకు అలా అనిపించిందో. మరునాటి మధ్యాహ్నం పోయాడు.

కర్మాంతరం అయ్యాక కొండెక్కాను. చూశాను. ఏం చూశానో మీకు చెప్పను.

ఆయన పేరు రాస్తే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే కొండ తెలుస్తుంది. అందుకే రాయలేదు. ఇందులో ఉన్న నెమలిగుండు అనే గుండు లేదు, కుందేటి బండ అనే బండా లేదు. పైన రాసిన చరణాలు కూడా నేను మార్చినవే. ఆయనకు చేతకాని పని ఇప్పుడు నాకు బాగా చేతనవుతోంది. దారి అడిగినవాడికి లేదనకూడదనే మనిషిని గురించి రాస్తూ, చదివే ప్రతివాడికీ లేదంటున్నాను. నన్ను క్షమించమని ఆయన్నే అడగాలి గానీ మిమ్మల్ని కాదు.

కుప్పంలో ఆ ఆటో నడిపే అతను మొక్కలు దించుతూ, నేను కదలకుండా వింటూ నిలబడటం చూశాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు. ఈ పాట పాడినాయన మీకు తెలుసా అన్నాడు. తల ఊపాను. “ఆ గంధం మాను నిజింగానే ఉండాదా అన్నా? యాడ?” అని అడిగాడు.

తెలీదప్పా అన్నాను. అనేశాక చూసుకుంటే, నా ముఖం అప్పటికే కొండ ఉన్న పక్కకు తిరిగి ఉంది. గబుక్కున బస్సు వైపు తిరిగాను.